ఆసుపత్రికి సోలార్: ప్యానెళ్ల కంటే ముందు తేల్చుకోవాల్సినవి

(విశాఖపట్నంలో ఆసుపత్రుల నిర్వాహకులు, వైద్యులు, నర్సింగ్, మెయింటెనెన్స్ సిబ్బంది కలిసిన సమావేశంలో ఒక ఎలక్ట్రికల్ ఇంజినీరు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. డాక్టర్లు వచ్చారు, సిస్టర్లు వచ్చారు, ఆసుపత్రులు నడిపే పెద్దలు వచ్చారు. వెనక వరసల్లో జనరేటర్ గదుల్లో పనిచేసే మా ఎలక్ట్రీషియన్లు కూడా కనిపిస్తున్నారు. వాళ్లు రావడం నాకు చాలా సంతోషంగా ఉంది. ఇది మేనేజ్‌మెంట్ ఒక్కటే గదిలో కూర్చుని తేల్చుకునే విషయం కాదు.

నన్ను పిలిచినవాళ్లు అడిగింది ఒకటే. మేడ మీద సోలార్ పెట్టిస్తే బిల్లు ఎంత తగ్గుతుంది అని. దానికీ జవాబు చెబుతాను. కానీ ఆసుపత్రి విషయంలో అది రెండో ప్రశ్న. ఊళ్లో కరెంటు పోయినప్పుడు ఈ సోలార్ ఏం చేస్తుంది అన్నది మొదటి ప్రశ్న. అది అడక్కుండా కాగితాల మీద సంతకాలు పెట్టిన ఆసుపత్రులు మన రాష్ట్రంలో చాలా ఉన్నాయి.

మామూలుగా మేడల మీద పెట్టేది ఆన్‌గ్రిడ్ సోలార్. ప్యానెళ్ల కరెంటుని మనం వాడే కరెంటుగా మార్చే దాని ఇన్వర్టర్ బయటి లైనులో కరెంటు ఉన్నంతసేపే పనిచేస్తుంది. లైను పోయిన మరుక్షణం తనూ ఆగిపోతుంది. మిట్ట మధ్యాహ్నం ఎండ మాడుస్తున్నా ఆగిపోతుంది. ఇది లోపం కాదు, కావాలనే అలా తయారుచేస్తారు. స్తంభం ఎక్కి వైరు సరిచేస్తున్న లైన్‌మన్‌కి మన మేడ మీది కరెంటు తగిలితే ప్రాణం పోతుంది కదా. అందుకని ఆ రక్షణ ఉండి తీరాలి. కానీ దీని అర్థం ఏమిటంటే, బ్యాటరీ లేకుండా, బయటి లైను పోయినా ప్యానెళ్లు, బ్యాటరీ మీద నడవగల హైబ్రిడ్ ఇన్వర్టర్ లేకుండా పెట్టిన సోలార్ మీ బిల్లుకి సాయం చేస్తుంది తప్ప మీ ఐసీయూకి చేయదు. కరెంటు పోతే పైన ప్యానెళ్లు ఎండలో ఊరికే ఉంటాయి, కింద మీరు డీజిల్ తగలేస్తూ ఉంటారు.

2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ తేదీ గురించి విశాఖ వాళ్లకి నేను కొత్తగా చెప్పేది ఏమీ లేదు. హుద్‌హుద్ తుపాను గాలి గంటకు 180 కిలోమీటర్లు దాటింది. స్తంభాలు, టవర్లు పడిపోయాయి, నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. పెట్రోలు బంకుల దగ్గర క్యూలు మీకు గుర్తుండే ఉంటాయి. ఆసుపత్రి జనరేటర్‌కి కూడా ఆ బంకు నుంచే డీజిల్ రావాలి, దానికీ రోడ్డు మీద పడిన చెట్లు తీయాలి. తుపాను దాటిన మర్నాడో, మూడోనాడో ఎండ వచ్చేస్తుంది. స్తంభాలు లేవడానికి మాత్రం చాలా టైము పడుతుంది. ఆ మధ్య రోజుల్లో ఐసీయూ, లేబర్ రూము, పసిపిల్లల వార్మర్లు, రక్తం నిల్వ చేసే ఫ్రిజ్‌లు దేని మీద నడుస్తాయి? నా మాటలన్నీ ఈ ప్రశ్న చుట్టూనే ఉంటాయి.

ముందు మేడ లెక్క చూద్దాం. ఒక కిలోవాట్ ప్యానెళ్లకి దాదాపు 100 చదరపు అడుగుల నీడ పడని జాగా కావాలి. మన దగ్గర అది ఏడాది సగటున రోజుకి 4 యూనిట్లు ఇస్తుంది. రోజుకి 3000 యూనిట్లు వాడే ఆసుపత్రి అనుకోండి. మేడ మీద వాటర్ ట్యాంకులు, లిఫ్టు గది, ఏసీ యూనిట్లు, ఫైర్ వాళ్లు వదలమన్న దారి తీసేస్తే 10,000 చదరపు అడుగులు మిగిలాయి అనుకుందాం. 100 కిలోవాట్లు పడతాయి, 400 యూనిట్లు వస్తాయి. అంటే వాడకంలో ఏడో వంతుకి కూడా చాలదు. ఐదారు అంతస్తుల ఆసుపత్రికి మేడ ఒక్కటే ఉంటుంది, వాడకం మాత్రం అన్ని అంతస్తుల్లోనూ ఉంటుంది. "మీ ఆసుపత్రి మొత్తం సోలార్ మీద నడిపిస్తాం" అని ఎవరైనా వస్తే ఈ లెక్క ముందు పెట్టండి.

అందుకే నేను వాడకం నుంచి మొదలుపెట్టమంటాను. ఫ్యాన్లే తీసుకోండి, ఎవరూ పట్టించుకోని వస్తువు. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తాగుతుంది. తక్కువ కరెంటు తాగే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ ఫుల్ స్పీడు మీద 30 వాట్ల దగ్గర ఉంటుంది. వార్డులు, కారిడార్లు, ఓపీ అన్నీ కలిపి 200 ఫ్యాన్లు ఉన్నాయనుకోండి. ఆసుపత్రి ఫ్యాను ఇంట్లో ఫ్యాను కాదు, రోజుకి 20 గంటలు తిరుగుతుంది. ఫ్యానుకి 45 వాట్లు మిగిలితే 200 ఫ్యాన్లకి 9 కిలోవాట్లు, 20 గంటలకి 180 యూనిట్లు. ఆ 180 యూనిట్లు సోలార్ మీద పుట్టించాలంటే 45 కిలోవాట్ల ప్లాంటు కావాలి, 4500 చదరపు అడుగుల మేడ కావాలి. ఫ్యాన్లు మార్చడానికి సుమారు 6 లక్షలు అవుతుంది. ఆ ప్లాంటుకి దానికి మూడు రెట్ల పైనే అవుతుంది. పైగా మిగిల్చిన యూనిట్ రాత్రి కూడా మిగులుతుంది, వాన రోజునా మిగులుతుంది. సోలార్ వద్దని నేను అనడం లేదు. ఫ్యాన్లు మార్చాక పెట్టిన సోలార్ ఎక్కువ దూరం వస్తుంది.

ట్యూబులైట్లూ అంతే. 36 వాట్ల పాత ట్యూబు చోక్‌తో కలిపి 45 దాటుతుంది, ఎల్ఈడీ 18-20లో పని అయిపోతుంది. చాలామంది ఇప్పటికే మార్చేశారు కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను.

ఇప్పుడు అసలైన చోటికి వద్దాం. రాత్రి పదకొండు దాటాక మీ ఆపరేషన్ థియేటర్ల (ఓటీ) అంతస్తుకి వెళ్లి చూడండి. తలుపులు వేసి ఉంటాయి, లైట్లు తీసేసి ఉంటాయి, టేబుల్ మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి ఉంటుంది. మనిషి ఉండడు. సీలింగ్‌లోంచి గాలి హోరు మాత్రం వస్తూనే ఉంటుంది. పక్కన ఓటీకి గాలి పంపే యంత్రం ఉండే ఏహెచ్‌యూ గదిలో మోటారు వైరుకి క్లాంప్ మీటర్ తగిలించి చూస్తే, పొద్దున ఆపరేషన్ జరిగేటప్పుడు ఎన్ని ఆంపియర్లు చూపించిందో ఇప్పుడూ అన్నే చూపిస్తుంది. ఎందుకు ఆపరు అంటే ఇన్‌ఫెక్షన్ భయం. ఆ భయం న్యాయమైనదే. ఓటీలో గాలి గంటకి కనీసం 20 సార్లు మారాలి, లోపలి ప్రెషర్ బయటకంటే ఎక్కువ ఉండాలి, లేకపోతే కారిడార్ దుమ్ము లోపలికి వస్తుంది. అందుకే పూర్తిగా ఆపమని నేను ఎవరికీ చెప్పను. కానీ మోటారుకి స్పీడు మార్చే వీఎఫ్‌డీ పెడితే, ఖాళీగా ఉన్న రాత్రి దాని స్పీడు తగ్గించి, ప్రెషర్ మాత్రం నిలుపుకోవచ్చు. ఫ్యాను మోటారులో ఒక గొప్ప విషయం ఉంది. స్పీడు ఇరవై శాతం తగ్గిస్తే కరెంటు ఇరవై శాతం కాదు, దాదాపు సగం తగ్గుతుంది. గాలి తగ్గితే చల్లబరచాల్సిన గాలి కూడా తగ్గి, ఏసీకి నీళ్లు చల్లబరిచి పంపే చిల్లర్ మీద భారం కూడా దిగుతుంది. పొద్దున కేసుకి చాలా ముందే మళ్లీ ఫుల్ స్పీడుకి తేవాలి. ఇదంతా మీ ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ కమిటీ ఒప్పుకుని, గాలి కొలిచి, రాతపూర్వకంగా పెట్టుకున్నాకే చేయాలి. ఎమర్జెన్సీ ఓటీని అసలు ముట్టుకోవద్దు. అది ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి.

ఏసీల దగ్గర ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది. 2020 నుంచి కొత్త రూమ్ ఏసీలు 24 డిగ్రీల మీదే మొదలయ్యేలా వస్తున్నది కూడా అందుకే. కానీ విశాఖలో ఉక్క వేరు. సముద్రం పక్కన 24 పెడితే ఒళ్లు జిగటగా ఉందని పేషెంటు అటెండర్లు గొడవ చేస్తారు, వెంటనే ఎవరో 18కి తగ్గిస్తారు. దీనికి నేను చూసిన మంచి ఉపాయం, రూముల్లో 25 పెట్టి ఫ్యాను కూడా తిప్పడం. ఇంకోటి కూడా ఉంది. బీచ్ రోడ్డు వైపు భవనాల్లో అవుట్‌డోర్ యూనిట్ వెనక ఉండే ఫిన్లు చేత్తో తాకి చూడండి. ఉప్పు గాలికి తినేసి తెల్లటి పొడి రాలుతుంది. ఆ యూనిట్ చల్లబడలేక, కరెంటు ఎక్కువ లాగుతుంది. ఐదు స్టార్ల స్టిక్కర్ ఉన్నా సరే, ఉప్పు పట్టిన ఏసీ ఐదు స్టార్ల ఏసీ కాదు. కొత్తవి కొనేటప్పుడు ఫిన్లకి తుప్పు పట్టని పూత ఉందా అని అడగండి, ఉన్నవాటిని మంచినీళ్లతో కడిగించండి. సెంట్రల్ చిల్లర్ పాతదైతే మాత్రం ఓ మంచి ఇంజినీరు చేత కొలిపించండి. ఒక టన్ను చల్లదనానికి ఒక కిలోవాట్ దాటి తాగే పాత చిల్లర్లు ఇంకా నడుస్తున్నాయి. అదే పని 0.6 కిలోవాట్లతో చేసే వాటర్ కూల్డ్ యంత్రాలు ఉన్నాయి.

వేడినీళ్లకి గీజర్ వాడుతున్నారా? 100 లీటర్లు 60 డిగ్రీలకి కాచడానికి దాదాపు 4 యూనిట్లు పోతాయి. గాలిలోని వేడిని లాగి నీళ్లకి ఇచ్చే హీట్ పంప్ అదే పని 1 యూనిట్ పైచిలుకులో చేస్తుంది. మేడ మీద చోటు ఉంటే సోలార్ వాటర్ హీటర్ ఇంకా మేలు. లాండ్రీకి, వంటగదికి, వార్డు స్నానాలకి మనకి ఎన్ని నీళ్లు కావాలో ఆలోచించండి.

ఒక హెచ్చరిక. పొదుపు పేరుతో ముట్టుకోకూడనివి కొన్ని ఉన్నాయి. టీకాల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. పొద్దున, సాయంత్రం థర్మామీటర్ చూసి నోట్‌బుక్‌లో రాసే ఆ సిస్టర్‌ని అడక్కుండా దాని ప్లగ్గు ఎవరూ తీయకూడదు. ఎంఆర్ఐ స్కాన్ చేయకపోయినా దాని హీలియంని చల్లగా ఉంచే కంప్రెసర్ రాత్రింబవళ్లు తిరగాలి. కరెంటు మిగులుతుందని దాన్ని ఆపితే హీలియం మరిగిపోయి లక్షల నష్టం. జబ్బు చేసిన పసికందుల్ని ఉంచే ఎస్ఎన్‌సీయూలో వార్మర్ల సంగతి నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఈ ప్రసంగంలో నేను అన్నిటికంటే ముఖ్యం అనుకునే పని. అది ప్యానెల్ కాదు, బ్యాటరీ కాదు. వైరింగ్ విడదీయడం.

చాలా ఆసుపత్రుల్లో మెయిన్ ప్యానెల్ బోర్డు నుంచి అంతస్తుకి ఒక లైను చొప్పున వెళుతుంది. మూడో అంతస్తు డీబీలో, అంటే కరెంటు పంచే పెట్టెలో, వెంటిలేటర్ సాకెట్, వరండా లైటు, డ్యూటీ డాక్టర్ రూము ఏసీ, క్యాంటీన్ మైక్రోవేవ్ అన్నీ ఒకే చోట కలిసి ఉంటాయి. అలా ఉన్నప్పుడు మీకు 20 కిలోవాట్ల బ్యాటరీ ఇచ్చినా, ఏసీలు దాన్ని ఐదు నిమిషాల్లో పడేస్తాయి. అందుకే ముందు మూడు రకాలుగా విడదీయండి. క్షణం కూడా ఆగకూడనివి ఒక లైను: వెంటిలేటర్లు, మానిటర్లు, ఇన్ఫ్యూజన్ పంపులు, ఓటీ లైటు, అనస్తీషియా యంత్రం, వార్మర్లు. కొన్ని నిమిషాలు ఆగినా ఫరవాలేనివి ఇంకోటి: ల్యాబు, రక్తం ఫ్రిజ్‌లు, లిఫ్టు, నీళ్ల మోటారు. మిగతావన్నీ మూడోది. ఈ పని కష్టం, దుమ్ము, రాత్రిళ్లు చేయాలి, గోడలు పగలగొట్టాలి. ఫొటోలో ఏమీ కనిపించదు. అందుకే ఎవరూ చేయరు. కానీ ఇది చేశాక లెక్క ఎంత చిన్నదైపోతుందో చూడండి. మొదటి రకం లోడు 20 కిలోవాట్లే వచ్చిందనుకుందాం. నాలుగు గంటలు నడవాలంటే 80 యూనిట్లు, అంటే 100 యూనిట్ల లిథియం బ్యాటరీ సరిపోతుంది. ఇందాక చెప్పిన 400 యూనిట్ల మేడలో 100 కిలోవాట్లలో కొంత భాగాన్ని హైబ్రిడ్ ఇన్వర్టర్‌కి ఇస్తే, ఎండ ఉన్న రోజు ఆ బ్యాటరీ పగలే నిండుతుంది. 3000 యూనిట్ల ఆసుపత్రి మొత్తానికి చాలని మేడ, ఈ మొదటి లైనుని మాత్రం ఎండ ఉన్న పగలంతా, ఆపైన రాత్రి నాలుగు గంటలు నడపగలదు.

ఇది ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, ఓ రాత్రి ఓ ఆసుపత్రిలో కళ్లారా చూశాను. కరెంటు పోయింది, జనరేటర్ లోడు తీసుకోవడానికి పది పదిహేను సెకన్లు పడుతుంది, అందాకా యూపీఎస్ ఆదుకోవాలి. యూపీఎస్ బ్యాటరీలు ఎప్పుడో చచ్చిపోయాయి, ఎవరూ పరీక్షించలేదు. వెంటిలేటర్ సొంత బ్యాటరీ కూడా బలహీనంగా ఉంది. జనరేటర్ మొదటిసారి స్టార్ట్ కాలేదు. సెల్‌ఫోన్ లైటు నోట్లో పట్టుకుని సిస్టర్ చేత్తో ఊపిరి అందించే ఆంబు బ్యాగ్ నొక్కుతూ నిలబడ్డారు. మనిషి బతికాడు, ఆ సిస్టర్ వల్ల. లెడ్ యాసిడ్ బ్యాటరీ 25 డిగ్రీలకి తయారైంది. పైన ప్రతి పది డిగ్రీలకి దాని ఆయుష్షు సగమైపోతుంది. కిటికీ లేని గదిలో పెట్టి మూడేళ్లయ్యాక కూడా అది నమ్మకంగా నిలబడాలంటే ఎలా? నెలకోసారి లోడు పెట్టి పరీక్షించండి, తేదీ రాయండి.

బ్యాటరీలు, జనరేటర్, మెయిన్ ప్యానెల్ సెల్లార్‌లో పెట్టొద్దు. 2015 డిసెంబరు చెన్నై వరదల్లో జనరేటర్లు మునిగిపోయి ఐసీయూలో రోగులు ప్రాణాలు కోల్పోయిన వార్తలు మనమంతా చదివాం. మన ఊళ్లోనూ కొండల నుంచి వచ్చే వాన నీరు గెడ్డలు (వాగులు) పొంగించి పల్లం సెల్లార్లలోకే చేరుతుంది. ఇప్పటికే అక్కడ ఉంటే కనీసం ఎత్తైన దిమ్మ కట్టించండి.

జనరేటర్‌తో సోలార్‌ని కలిపేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. జనరేటర్ నడుస్తుంటే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ దాన్నే లైను అనుకుని కరెంటు కలిపేస్తుంది. మధ్యాహ్నం ఎండ బాగా ఉండి లోడు తక్కువైతే, జనరేటర్ మీద భారం ముప్పై శాతం కంటే కిందికి పడిపోతుంది, ఇంజిన్ పాడవుతుంది. కరెంటు వెనక్కి జనరేటర్‌లోకే తోసుకొచ్చినా కష్టమే. దీనికి కంట్రోలర్ ఉంటుంది. టెండరులో రాయకపోతే ఎవరూ పెట్టరు. డీజిల్ లీటరుకి మూడు మూడున్నర యూనిట్లే ఇస్తుంది కాబట్టి, జనరేటర్ యూనిట్ మీకు బయటి కరెంటు కంటే మూడు రెట్ల పైనే పడుతుంది. అందువల్ల సోలార్ డీజిల్ మిగిల్చే చోటే దాని విలువ ఎక్కువ.

మేడ గురించి మన ఊరికి సంబంధించిన మూడు మాటలు. ఒకటి గాలి. మన దేశ ప్రమాణాల్లో విశాఖలో డిజైన్‌కి మూలంగా తీసుకునే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఫ్రేము ఆ లెక్కకి కట్టారని స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం తీసుకోండి. ప్యానెళ్లని 17 డిగ్రీల వాలు పెట్టకుండా 10కి తగ్గించినా దిగుబడి చాలా కొద్దిగానే తగ్గుతుంది, గాలి పట్టు మాత్రం బాగా తగ్గుతుంది. రెండు, ఉప్పు. జింకు పూత బాగా మందంగా వేసిన ఫ్రేము, స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు, ఉప్పు గాలి పరీక్షలో నెగ్గిన ప్యానెళ్లు అడగండి. మూడు, దుమ్ము. పోర్టు చుట్టుపక్కల ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు, పొద్దున తుడిచిన ప్యానెల్ మీద సాయంత్రానికి వేలితో గీత గీస్తే నల్లగా, ఎర్రగా అంటుకుంటుంది. బొగ్గు, ఇనుప ఖనిజం. ఆ వైపు మేడలు వారానికోసారైనా కడగాలి. తెల్లవారుజామున, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడే కడగాలి. ఉప్పు నీళ్లతో కడిగితే తెల్లటి మరకలు పడి ఇంకా నష్టం. నీళ్ల పైపు మేడ మీదకి వేయకుండా ప్లాంటు పెట్టినవాళ్లు తర్వాత బకెట్లు మోస్తుంటారు.

పగటి వేళ మెయిన్ ఆఫ్ చేసినా ప్యానెళ్ల వైపు డీసీ వైరులో కరెంటు ఉంటుందని మీ ఫైర్ సిబ్బందికి చెప్పండి. ప్యానెళ్ల లైనుని విడదీసే స్విచ్, ఐసొలేటర్, ఎక్కడుందో గోడ మీద తెలుగులో పెద్దక్షరాలతో రాయించండి.

సౌర విద్యుత్తు మన ఊరికి కొత్త కాదు. ముడసర్లోవ రిజర్వాయర్ మీద మన నగరపాలక సంస్థ జీవీఎంసీ 2 మెగావాట్ల తేలే ప్లాంటు పెట్టింది, సింహాద్రి థర్మల్ ప్లాంటు రిజర్వాయర్ మీద ఎన్‌టీపీసీ 2021లో 25 మెగావాట్లు మొదలుపెట్టింది. ప్రపంచం విడుదల చేసే కర్బన ఉద్గారాల్లో వైద్య రంగం వాటా 4.4 శాతం అని 2019లో హెల్త్ కేర్ వితౌట్ హార్మ్ అనే సంస్థ అంచనా వేసింది. ఊపిరితిత్తుల జబ్బుకి వైద్యం చేసే చోటే పొగ పెంచడం ఎవరికీ ఇష్టం ఉండదు కదా.

డబ్బు సంగతి తొందరగా చెప్పేస్తాను. సొంతంగా కొనుక్కోవచ్చు, ప్రైవేటు ఆసుపత్రులు ఆదాయపు పన్ను లెక్కలో ప్లాంటు విలువ మీద 40 శాతం తరుగుదలని ఖర్చుగా చూపించుకోవచ్చు. లేదా రెస్కో పద్ధతిలో కంపెనీ వాళ్లే మీ మేడ మీద పెట్టి, 15 నుంచి 25 ఏళ్లు యూనిట్ లెక్కన డబ్బు తీసుకుంటారు. రెండో దాంట్లో ప్యానెళ్లు ఎవరు కడగాలి, స్లాబు కారితే ఎవరు బాగుచేయాలి, కరెంటు పోతే ఏమవుతుంది, ఈ మూడూ కాగితం మీద లేకపోతే సంతకం వద్దు. మీరు హెచ్‌టీ (హై టెన్షన్) వినియోగదారులైతే మన కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ బిల్లులో యూనిట్లతో పాటు, ఒకేసారి మీరు లాగిన అత్యధిక లోడు చూపే మాక్సిమమ్ డిమాండ్ అనే గడి చూడండి. పొద్దున ఎనిమిదింటికి ఆటోక్లేవ్‌లు, లాండ్రీ, చిల్లర్ అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఆ గడి పెరుగుతుంది. అరగంట తేడాతో మొదలుపెడితే తగ్గుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

పాడేరు వైపు నుంచి వచ్చిన ఆరోగ్య కేంద్రం డాక్టరు గారు ఒకరు ఇందాక టీ దగ్గర అడిగారు, ఏజెన్సీలో మాకు ఇవేవీ లేవు, మేం ఏం చేయాలి అని. నిజానికి ఇందులో అందరికంటే ఎక్కువ లాభం వాళ్లకే. లేబర్ రూములో లైటు, ఒక వార్మర్, సక్షన్ మెషిన్, ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్, ఒక టీకాల ఫ్రిజ్. కొద్ది కిలోవాట్లతో అయిపోతుంది. ఛత్తీస్‌గఢ్‌లో వందల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకి బ్యాటరీతో సహా సోలార్ పెట్టారు. టీకాలకి బ్యాటరీ అవసరమే లేని సోలార్ ఫ్రిజ్‌లు వచ్చాయి. ఎండ ఉన్నప్పుడు ఐసు గడ్డ కట్టుకుని, రాత్రి, మబ్బు రోజుల్లో దాని మీద నిలబడతాయి. నాలుగేళ్లకి బ్యాటరీ చచ్చి మూలపడే బాధ ఉండదు. అక్కడ అసలు కావాల్సింది ఏటా వచ్చి చూసే మనిషి, ఆ మనిషికి జీతం. ప్లాంటు ఇచ్చేటప్పుడే ఐదేళ్ల మెయింటెనెన్స్ కూడా కలిపి అడగండి డాక్టరు గారూ.

(ప్రశ్న: మాది గాజువాకలో ఇరవై పడకల నర్సింగ్ హోమ్. అద్దె బిల్డింగు, మేడ ఓనరుది. మేం ఏం చేయగలం?)

మంచి ప్రశ్న అమ్మా, ఇక్కడ చాలామందిది ఇదే పరిస్థితి. ఓనరు మేడ ఇవ్వకపోయినా ఫ్యాన్లు, లైట్లు, ఇన్వర్టర్ ఏసీలు మీవే, ఇల్లు మారితే విప్పుకుని తీసుకెళ్లొచ్చు. లేబర్ రూము, ఓటీ లైటు, ఫ్రిజ్ మాత్రం విడిగా ఒక డీబీకి తెచ్చి, దానికి 5 కిలోవాట్ల హైబ్రిడ్ ఇన్వర్టర్, 10 యూనిట్ల లిథియం బ్యాటరీ పెట్టండి. ఇప్పటికి బయటి కరెంటు మీదే చార్జ్ అవుతుంది. ఎప్పుడైనా ఓనరు ఒప్పుకుంటే అదే ఇన్వర్టర్‌కి ప్యానెళ్లు తగిలించొచ్చు, మళ్లీ కొనక్కర్లేదు. వైరింగ్ మాత్రం లైసెన్సున్న కాంట్రాక్టర్ చేతే చేయించండి, ఎర్తింగ్ కొలిపించి ఆ కాగితం ఫైల్లో పెట్టుకోండి. ఇవాళే వెళ్లి చేయగలిగింది ఒకటుంది. రాత్రి డ్యూటీ సిస్టర్‌ని అడగండి, కరెంటు పోతే ఏవి ఆగిపోతున్నాయో. ఆవిడ చెప్పిందే మీ మొదటి లైను.